అందినట్టు జవాబు

తమ్ముడి ఫ్లాట్‌లో ముందు గది. శుక్రవారం, సాయంత్రం ఆరు కావస్తోంది. అక్క చెప్పులు విప్పి అప్పుడే కూర్చుంది.

"అది కాదక్కా, ఒక్క ఫోన్ కొట్టి రావచ్చు కదా. నేనే వచ్చి తీసుకొచ్చేవాణ్ణి."

"ఫోన్ చేస్తే నువ్వేమంటావో నాకు తెలుసు కదరా చిన్నోడా. అందుకే చెయ్యలేదు."

"ఏమంటాను?"

"సరే అంటావు."

"అంటే తప్పా?"

"తప్పని ఎవరన్నారు? ఆ ఫ్యాను కొంచెం పెంచు. బస్సులో నిలబడే వచ్చాను."

"ఇస్త్రీ బట్టల్లో ఉన్నావు. ఆసుపత్రికి వెళ్ళావా?"

"డ్యూటీకి రావద్దని పన్నెండు రోజులైంది కదరా నన్ను. మర్చిపోయావా?"

"మర్చిపోతానా! ఊరికే అడిగాను."

"వేరే పనుండి వెళ్ళాను. అటునుంచి ఇటు వచ్చేశాను."

"నువ్వు అనవసరంగా మనసు పాడు చేసుకోకు. సోమవారం కదా విచారణ. ఇంకా రెండు రోజులుంది. నేనొస్తానన్నానుగా."

"అన్నావు."

"మరింకేం?"

"ఇంకేం లేదు. ఒక కాగితం తెచ్చాను. నువ్వు చదివి నాకు చెప్పాలి."

"సోమవారం వాళ్ళ ముందే చెప్తానుగా అక్కా."

"ముందు నాకు చెప్పు. పంతొమ్మిదేళ్ళు నర్సుగా చేశాను. ఏ రోగికి ఏం మందు ఎందుకిస్తున్నామో తెలియకుండా ఒక్క సూది గుచ్చలేదు. నన్ను ఇంటికి పంపించిన కాగితంలో ఏముందో మాత్రం నాకు తెలియదు. సిగ్గుగా ఉండదూ?"

"ఏదీ, ఇటివ్వు."

"కళ్ళజోడు పెట్టుకో. చీమ తలకాయలంత అక్షరాలు. ఇదిగో, పచ్చ గీత గీసిన చోట. పధ్నాలుగో తేదీ, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలు. ఇది నా జేబులో ఉన్న హ్యాండ్‌సెట్ నంబరు. దాని పక్కన ఇదేంటి?"

"అడ్రస్ మార్పు."

"కింద?"

"అందినట్టు జవాబు."

"ఎవరి అడ్రసు? ఎవరికి అందినట్టు? కొంచెం నాలాంటి దానికి అర్థమయ్యేట్టు చెప్పు."

"చెప్తున్నా ఉండు. నువ్వు నాలుగో అంతస్తు వార్డులో ఉన్నంతసేపూ నీ హ్యాండ్‌సెట్‌కి ఒక అడ్రసు ఉంటుంది. రోగి మంచం దగ్గరి మిషను అలారం కొడితే, సర్వర్ ఆ అడ్రసుకి పంపుతుంది, నీ జేబులో మోగుతుంది. నువ్వు లిఫ్టెక్కి కింద బ్లడ్ బ్యాంకుకి వెళ్ళావనుకో. అక్కడి నెట్‌వర్కు వేరు. అది నీ హ్యాండ్‌సెట్‌కి కొత్త అడ్రసు ఇస్తుంది. ఇల్లు మారామనుకో, అట్లా."

"ఊఁ."

"మారగానే అది సర్వర్‌కి కబురు పెడుతుంది. 'నేనిక్కడికి మారాను. ఇక నుంచి అలారాలు ఇక్కడికే పంపు, పాత అడ్రసు కొట్టెయ్' అని."

"సర్వర్ ఏమంటుంది?"

"సరే అంటుంది. అదే ఈ రెండో లైను. అందినట్టు జవాబు."

"ఆ జవాబు వచ్చేదాకా?"

"వచ్చేదాకా హ్యాండ్‌సెట్ పాత ఇల్లు వదలదు. ఇంకో మార్పు కబురు పంపదు. ఒకసారికి ఒకటే కబురు. దానికి జవాబొచ్చాకే రెండోది. అది రూలు."

"జవాబొచ్చిందంటే పనైపోయిందని నమ్ముతుందన్నమాట."

"నమ్మాలి కదా. నమ్మకపోతే ఏ పనీ ముందుకి సాగదు."

"పాపం. మనిషిలాగే ఉంది."

"నవ్వుతున్నావా?"

"లేదు లేదు, చెప్పు. ఈ నాలుగువేల నాలుగొందల పదిహేడు ఏంటి? ఒకే నంబరు రెండుసార్లుంది చూడు, పైన ఒకటి, కింద ఒకటి. దానికీ అందినట్టే జవాబుంది."

"అది కబురు నంబరు. లిఫ్టులో సిగ్నల్ పోయి మొదటి జవాబు నీ హ్యాండ్‌సెట్ దాకా వచ్చి ఉండదు. అందుకని అదే కబురు, అదే నంబరుతో మళ్ళీ పంపింది."

"రెండోసారి అడిగినప్పుడైనా సర్వర్ చూసిందా, అడ్రసు నిజంగా మార్చానా లేదా అని?"

"చూడదక్కా. అదే నంబరు మళ్ళీ వస్తే పని మళ్ళీ చెయ్యకూడదు. మొదటిసారి ఏం చెప్పామో అది దాచిపెట్టి ఉంటుంది. అదే తీసి మళ్ళీ పంపుతాం."

"చూడకుండానే?"

"చూడకుండా అంటే... అట్లాగే రాయాలి. ఎవరైనా అట్లాగే రాస్తారు. మొదటి జవాబు నిజమైతే రెండోదీ నిజమే కదా."

"మొదటిది నిజమైతే."

"అక్కా, టీ తాగుతావా? మా ఆవిడ కూడా వచ్చే వేళైంది."

"టీ తర్వాత. రెండుసార్లు అందినట్టుంది, ఇంకా అలారం మోగలేదంటావా, ఎంత గుండె నీకు, అన్నారు నన్ను."

"ఎవరన్నారు? ఎప్పుడు?"

"అన్నారులే ఎవరో. హ్యాండ్‌సెట్ బాగా పనిచేస్తోంది, సర్వర్‌తో మాట్లాడింది, సర్వర్ దానితో మాట్లాడింది. కాబట్టి అలారం నా జేబులో మోగే ఉంటుంది. నేనే నొక్కి ఆపేసి ఉంటాను. ఇదీ వాళ్ళ లెక్క."

"అట్లా ఎలా అంటారు? ఈ కాగితం అలారం గురించి కాదు. అడ్రసు గురించి."

"ఆ మాట నాకు తెలియదు కదరా. తెలిసినవాడు పక్కనుంటే చెప్పేవాడు."

"సోమవారం..."

"ఈ హ్యాండ్‌సెట్లు చేసిన మీ ఆఫీసులో ఈ కాగితాలు చదివి బయటివాళ్ళకి చెప్పేదెవరు?"

"మా మేనేజరు. ఎందుకు?"

"పొట్టిగా ఉంటాడు, కళ్ళజోడు తాడుకట్టి మెళ్ళో వేలాడేసుకుంటాడు. ఆయనేనా?"

"ఆయన్ని నువ్వెప్పుడు చూశావు?"

"చూశానులే. మాట మెత్తన. నీ గురించి అడిగితే చాలా మంచివాడన్నాడు. ఏ పని చెప్పినా మారు మాట్లాడకుండా సరే అంటాడట."

"నువ్వు ఆయనతో మాట్లాడావా? నా గురించా? అక్కా, నాకు చెప్పకుండా అట్లా..."

"కంగారు పడకు. నీకు నష్టం చేసే మాటేదీ అనలేదు. అమ్మ గుర్తొచ్చింది, అంతే. నిన్ను సరేగాడు అనేది కదా."

"ఇప్పుడదంతా ఎందుకు?"

"బిందె నిండగానే కుళాయి కట్టెయ్యరా అని అమ్మ పూర్తిగా అనకముందే సరే అనేవాడివి. కళ్ళు గోలీల మీద ఉండేవి. ఇల్లంతా నీళ్ళు. తుడిచిందెవరు?"

"నువ్వే. ఒప్పుకుంటున్నా. ముప్ఫయ్యేళ్ళ కిందటి నీళ్ళు ఇప్పుడు తుడవమంటావా?"

"అదుగో, తలుపు చప్పుడు. మీ ఆవిడేనేమో."

"వదినా! ఎంతసేపైంది మీరొచ్చి? ఈయనొక్క మాట చెప్పలేదు. చెప్తే పెందలాడే వచ్చేదాన్ని కదా. ఏవండీ, మంచినీళ్ళైనా ఇచ్చారా?"

"ఇచ్చాడమ్మా, ఇచ్చాడు. నువ్వు కూర్చో. చిక్కిపోయావేంటి?"

"నేనెక్కడ చిక్కాను వదినా, మీ తమ్ముణ్ణి చూడండి. పదిరోజులుగా ఈ మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే. పిలిస్తే ఊఁ అంటాడు, ఏం విన్నాడో ఆయనకే తెలియదు. ఏమైందయ్యా అంటే ఆఫీసు పని అంటాడు. చూస్తే ఏం లేదు, ప్రోగ్రాములో ఒక లైను పైనుంచి కిందికి జరిపాడట."

"నువ్వు లోపలికెళ్ళి టీ పెట్టు."

"పెడతాను, పెడతాను. ఒక్క లైను వదినా! దానికి రెండు రోజులు ఇల్లు మొహం చూడలేదు. పదిహేను, పదహారు. ఆ మంగళవారం మా పెళ్ళిరోజు, అందుకు బాగా గుర్తుంది. లైను జరపడానికి రెండు రోజులేంటండీ, మంచం జరపడానికైనా అంతసేపు పట్టదు కదా అని నవ్వాను. నా మీద ఇంతెత్తున లేచాడు."

"వెళ్ళమన్నానా!"

"చూశారా, ఇట్లాగే. పోనీ లెండి, మీరైనా నాలుగు చీవాట్లు పెట్టండి. నేను టీ పెట్టుకొస్తా."

"ఏం లైనురా?"

"ఏదో... అది వేరే పని."

"పధ్నాలుగున ఆరో బెడ్ ఆవిడ పోయింది. పదహారున నువ్వొక లైను జరిపావు. నేను చదువుకున్న లెక్కలు తక్కువే గానీ, అంతదాకా వచ్చు."

"అక్కా, అన్నిటికీ ముడి పెట్టకు. రోజూ ఏదో ఒక లైను మారుస్తూనే ఉంటాం."

"రోజూ మారుస్తూనే ఉంటే దీనికి నిద్రెందుకు పోయింది? నావైపు చూసి చెప్పు. ఆ లైనులో ఏముంది, చిన్నోడా?"

"జవాబు."

"ఏ జవాబు?"

"ఇదే. అందినట్టు జవాబు పంపే లైను. అది పైన ఉండేది."

"దేనికి పైన?"

"సర్వర్ దగ్గరి అడ్రసుల పట్టీలో కొత్త అడ్రసు రాసే లైనుకి పైన. హ్యాండ్‌సెట్ నుంచి కబురు రాగానే... ముందు అడ్రసు పట్టీలో రాయాలి. రాశాక, అది సరిగ్గా పడిందని చూసుకున్నాక, అప్పుడు సరే అనాలి. మా దాంట్లో ముందు సరే అనేది. తర్వాత రాసేది."

"రాసేదా?"

"నూటికి తొంభైతొమ్మిదిసార్లు రాసేది."

"ఆ ఒక్కసారి?"

"ఆ క్షణంలో పట్టీ ఇంకో పని చేతిలో ఉంటే రాయడం కుదరదు. కుదరకపోతే 'కుదరలేదు' అని జవాబు చెప్పాలి, అప్పుడు హ్యాండ్‌సెట్ మళ్ళీ ప్రయత్నిస్తుంది. కానీ అప్పటికే మేం సరే అనేశాం కదా. ఇంకేం చెప్తాం?"

"అందుకని ఊరుకున్నారు."

"ఊరుకోవడం కాదు, అట్లా జరుగుతుందని..."

"ఉండు, నన్ను చెప్పనీ. నా హ్యాండ్‌సెట్ కింద బ్లడ్ బ్యాంకు నుంచి, నేనిక్కడున్నానని అరిచింది. సరే అన్నారు. అది నమ్మి పాత ఇల్లు ఖాళీ చేసేసింది. పైన ఆరో బెడ్ మిషను నన్ను పిలిచింది. మీ సర్వర్ ఆ పిలుపుని పట్టుకెళ్ళి నాలుగో అంతస్తులో ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టింది. అంతేనా?"

"అంతే."

"ఎన్నిసార్లు కొట్టింది?"

"జవాబు రాకపోతే ఆగి ఆగి మళ్ళీ పంపుతుంది. ఆరోసారికి కూడా రాకపోతే డెస్కు మీద బోర్డు మోగిస్తుంది."

"నేను లిఫ్టు దిగేసరికి ఆ బోర్డు మోగుతోంది. ఎంతసేపు పట్టి ఉంటుందిరా అప్పటికి?"

"నాలుగు నిమిషాల పది సెకన్లు."

"సెకన్లతో సహా తెలుసు నీకు."

"అక్కా..."

"ఆవిడ పేపరు తెమ్మంది నన్ను. ఎప్పుడూ కిటికీ వైపు తిప్పి పడుకోబెట్టమనేది, కింద రోడ్డు మీద ఏ బస్సు ఎన్నింటికి పోతుందో నాకు చెప్పేది. కిందికి వెళ్తున్నావు కదా సిస్టరూ, వచ్చేటప్పుడు పేపరు పట్టుకురా, గళ్ళ నుడికట్టు నింపుకుంటానంది. ఒక చేత్తో రక్తం బ్యాగులు, ఒక చేత్తో పేపరు. అట్లాగే పరిగెత్తాను. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఆవిడ గుండె మీద నా రెండు చేతులూ పెట్టి నొక్కాను. మణికట్టు ఇంకా నొప్పిగానే ఉంది చూడు."

"నన్ను చంపకక్కా."

"నేనా నిన్ను చంపేది?"

"కావాలని చేశానా నేను?"

"కావాలని చెయ్యలేదు. ఎందుకు చేశావో చెప్పు. సరే ముందు, రాత తర్వాత. ఎవరు పెట్టారట్లా?"

"మొదట సరిగ్గానే ఉండేది. ఆసుపత్రివాళ్ళు కొనే ముందు పరీక్ష పెట్టారు. వంద హ్యాండ్‌సెట్లు ఒకేసారి అంతస్తు మారితే, అన్నిటికీ అరసెకనులో జవాబు రావాలి, అదీ షరతు. మాకు సెకను పైన పడుతోంది. మర్నాడే పరీక్ష. మేనేజరొచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఏదైనా చేయగలవా అన్నాడు."

"సరే అన్నావు."

"ఒక్క లైను పైకి జరిపాను. అరసెకను కాదు, అందులో సగంలోనే జవాబులొచ్చేశాయి. చప్పట్లు కొట్టారు. వాళ్ళు జవాబులే లెక్కపెట్టుకున్నారక్కా. పట్టీ తెరిచి, అందులో అడ్రసులు పడ్డాయా అని ఒక్కడూ చూడలేదు. పరీక్షవగానే మళ్ళీ కిందికి దించేద్దామనుకున్నాను. దాని పక్కనే రాసి కూడా పెట్టుకున్నాను, 'ఇది తాత్కాలికం, తర్వాత దించాలి' అని."

"ఎప్పటి మాట ఇది?"

"రెండేళ్ళయింది."

"రెండేళ్ళు."

"మర్చిపోయాను. మర్చిపోయానంటే... అంతా బాగానే నడుస్తోంది కదా."

"ఎవరు ఏ లైను జరిపారో అందులో ఉంటుందా? మా కేస్ షీటు మీద సంతకంలాగ?"

"ఉంటుంది. పేరు, తేదీ, టైము."

"నీ పేరు."

"నా పేరే."

"వదినా, టీ. చక్కెర సరిపోయిందో లేదో చూడండి. ఏంటి, ఇద్దరూ ఇట్లా ఉన్నారు? ఏమైనా అన్నాడా మిమ్మల్ని?"

"ఏమీ అనలేదమ్మా. పాత సంగతులు మాట్లాడుకుంటున్నాం. చిన్నప్పుడు వీడు కుళాయి కట్టెయ్యడం మర్చిపోతే ఇల్లంతా నీళ్ళయిన సంగతి."

"ఇప్పుడూ అంతే లెండి. మీరు మాట్లాడుకోండి, నేను వంటగదిలో ఉంటాను."

"తాగక్కా. చల్లారిపోతుంది."

"హ్యాండ్‌సెట్లు మా వార్డుకి వచ్చిన రోజు గుర్తుందా నీకు? నువ్వే వచ్చి ఎట్లా వాడాలో చూపించావు. నువ్వెళ్ళాక ఇరవైమంది నర్సుల ముందు నిలబడి చెప్పాను, ఇది మా తమ్ముడు చేసింది, మోగాల్సినప్పుడు మోగి తీరుతుంది అని. వార్డు వదిలి కిందికి వెళ్ళాలంటే భయంగా ఉందక్కా అన్నదాన్ని కసిరాను కూడా. ఇది జేబులో ఉంటే నువ్వెక్కడున్నా వార్డులో ఉన్నట్టే అన్నాను. వీటిని సాకుగా చూపి, ముగ్గురు నర్సులుండే చోట ఒక్కదాన్నే పెట్టారు. అప్పుడు కూడా నేను గొడవ చెయ్యలేదు. మా తమ్ముడి పని కదా అని."

"నాకు తెలిసినప్పటి నుంచీ నీ దగ్గరికి రావాలనే అనుకున్నాను. రోజూ. బండి తీసేవాణ్ణి. మీ వీధి మలుపుదాకా కూడా వచ్చాను ఒకసారి."

"నేను మూడో అంతస్తులో ఉంటాను. మలుపులో కాదు."

"మేనేజరు చెప్పద్దన్నాడు. ఇప్పుడు సరిచేసేశాం కదా, ఇంకెవరికీ ప్రమాదం లేదు, అడిగితే చూద్దామన్నాడు. చెప్తే నా ఉద్యోగం ఒక్కటే కాదక్కా పోయేది. ఈ పనిలో ఇంకెవరూ నన్ను గుమ్మం తొక్కనివ్వరు."

"నన్ను తొక్కనిస్తారా? ఇంకెవరికీ ప్రమాదం లేదంటున్నావు. నేను ఇంకెవరిలోనూ రానా? రోగిని చంపిన నర్సు అంటున్నారురా నన్ను. మెట్ల మీద ఎదురైతే పక్కింటావిడ పిల్లల్ని లోపలికి పిలుచుకుంటోంది. నీకు తెలుసు. పదహారో తేదీ నుంచీ తెలుసు. తెలిసీ, నేను నీకు ఫోన్ చేసి ఏడిస్తే, ధైర్యంగా ఉండక్కా అన్నావు."

"అన్నాను. బుద్ధిలేక అన్నాను. తిట్టు. రెండు పీకు కావాలంటే."

"నీకు ఒంట్లో బాగాలేక మంచం పట్టినప్పుడు, నా పరీక్ష మానేసి నీ పక్కన కూర్చున్నాను. ఇప్పుడు లెక్క తీస్తున్నానని కాదు. నీ ప్రాణమంటే నాకంత భయం. నా బతుకంటే నీకు ఆ భయం ఎందుకు లేకపోయిందా అని. అదొక్కటే తెలియట్లేదు నాకు."

"ఉంది. ఉందక్కా. నీ కంటే నా భయం నాకెక్కువైంది. అంతే."

"ఈ మాటైనా నిజం చెప్పావు."

"ఇక దాచను. విను. నేనంతా చెప్పేస్తాను వాళ్ళకి."

"ఎవరికి?"

"విచారణలో. పాత కోడు ప్రింటు తీస్తాను. లైను ఎక్కడుండేది, ఎవరు జరిపారు, ఎప్పుడు జరిపారు, మళ్ళీ ఎప్పుడు దించారు, నా పేరుతో సహా చూపిస్తాను. ఈ కాగితానికి అర్థమేంటో చెప్తాను. సరే అన్నంత మాత్రాన రాసినట్టు కాదు, ఆవిడ జేబులో అసలు మోగనే లేదు అని చెప్తాను."

"మీ మేనేజరు అక్కడే కూర్చుని ఉంటే?"

"ఉండనీ. ఆయన మొహమ్మీదే చెప్తాను."

"ఉద్యోగం?"

"పోతే పోయింది. నీ మీద ఒట్టక్కా. ఈ పన్నెండు రోజుల్లో ఇవాళే నాకు ఊపిరాడినట్టుంది."

"ఎప్పుడొస్తావు?"

"సోమవారం పదిన్నరకే కదా. పదింటికల్లా గేటు దగ్గరుంటాను. ఇద్దరం కలిసే లోపలికి వెళ్దాం."

"నా చెప్పులెక్కడ విడిచానురా?"

"అప్పుడే లేస్తావేంటి? టీ ముట్టుకోనే లేదు. అక్కా, ఏదైనా ఒక మాటను. ఇంత చెప్పినా..."

"మంచి పని చేస్తానంటున్నావు. ఏమనాలి?"

"మరి ఏడుస్తావెందుకు?"

"బుధవారం నీకొక మెసేజ్ పెట్టాను. వచ్చిందా?"

"వచ్చింది. జవాబు కూడా ఇచ్చాను కదా, వెంటనే."

"వెంటనే ఇచ్చావు. నిమిషం కూడా పట్టలేదు. అందులో ఏం రాశాను?"

"అదే... విచారణ గురించి... రమ్మని..."

"ఫోన్ తియ్యి. పైకి చదువు."

"ఇప్పుడెందుకక్కా?"

"చదువు."

"'చిన్నోడా, విచారణ సోమవారం కాదట. కమిటీ చైర్మన్ గారు ఊరెళ్తున్నారని శుక్రవారానికి మార్చారు. టైమదే, గదదే. నువ్వొచ్చి ఆ కాగితంలో ఏముందో వాళ్ళకి చెప్తే...' శుక్రవారం. అక్కా, శుక్రవారమంటే..."

"ఇవాళే."

"ఇవాళ... పొద్దున..."

"కింద నీ జవాబుంది. అదీ చదువు."

"అక్కా, నేను... నీ పేరు కనిపిస్తే చాలు, విప్పాలంటే భయమేసేది. ముందు సరే అని పెట్టేస్తే నువ్వు మళ్ళీ చెయ్యవని..."

"చెయ్యలేదు. జవాబొచ్చింది కదా అని."

"ఏమన్నారు వాళ్ళు? ఏమైందక్కా?"

"పన్నెండింటిదాకా ఆగారు. తలుపు చప్పుడైనప్పుడల్లా తిరిగి చూశాను. తర్వాత మీ మేనేజరు లేచాడు. రెండుసార్లు అందినట్టు జవాబుంది, యంత్రంలో ఏ లోపమూ లేదన్నాడు. కాదనడానికి నా పక్కన కుర్చీ ఖాళీ. అలారం నేనే ఆపేశానని సంతకం పెడితే పోలీసులదాకా పోనివ్వం అన్నారు. పెట్టాను."

"పెట్టావా! చెయ్యని దానికి... నేనిప్పుడే వెళ్తాను. ఆ చైర్మన్ ఇల్లెక్కడో చెప్పు, కాళ్ళు పట్టుకుంటాను."

"నాలుగు గంటల బండికే వెళ్ళిపోయాడు. నేను సంతకం పెట్టాక ఇంక నీ కాగితాలు ఎవరు తెరుస్తారు? మంచివాళ్ళేరా వాళ్ళు, ఊరికే మూసెయ్యలేదు. మూసేముందు అడిగారు, రోజు మారిన సంగతి మీ తమ్ముడికి తెలుసా అని. ఫోన్ తీసి నీ 'సరే అక్కా' చూపించాను. 'అందింది' అని రాసుకున్నారు."